కవాయీ ఓఓ, వైట్ ఐ: ఒకే అడవిలో రెండు పాటపిట్టలు

హవాయి దీవుల్లో ఒకటైన కవాయీలో ఓఓ అనే పాటపిట్ట ఉండేది. జానెడు పొడవు, నల్లటి ఒళ్లు, కాళ్ల మొదట్లో పసుపుపచ్చ ఈకలు. ఓహియా చెట్ల పూల తేనె తాగేది, పురుగుల్ని ఏరుకు తినేది, ముసలి చెట్ల తొర్రల్లో గూడు పెట్టేది. తొర్రలో పొదిగే పిట్ట, ఓడలెక్కి వచ్చిన ఎలుకలకు తేలిగ్గా చిక్కుతుంది.

ఎలుకను మించిన శత్రువు దోమ. హవాయికి క్యూలెక్స్ దోమ 1826లో, ఓడల్లోని మంచినీటి పీపాలతో చేరింది. కోస్తా ఆంధ్రలో బోదకాలు వ్యాపింపజేసేదీ ఆ దోమే. తర్వాత విదేశీ పక్షులతో పాటు పక్షి మలేరియా కూడా వచ్చింది. వేల ఏళ్లుగా ఆ జబ్బు ఎరగని స్థానిక పిట్టలు ఒకట్రెండు దోమకాట్లకే చచ్చిపోయేవి. మిగిలిన ఓఓలు అలకాయి అనే ఎత్తైన చిత్తడి అడవికి పరిమితమయ్యాయి. అక్కడి చలికి మలేరియా క్రిమి సరిగా ఎదగదు. కానీ అడవిపందులు పెద్ద ఫెర్న్‌ల కాండాలు తొలిచి తింటే, ఆ గుంటల్లో వాననీరు నిలిచి దోమలు పెరుగుతాయి. 1982లో ఇవా తుపాను ఉన్న చెట్లనూ కూల్చింది. ఓఓ చివరిసారి 1985లో కనిపించింది, 1987లో వినిపించింది. దాంతో అయిదు జాతుల కుటుంబం మొత్తం అంతరించింది. వాటి అసలు బంధుత్వం డీఎన్ఏ పరీక్షతో తేలింది 2008లో, అన్నీ పోయాక.

వైట్ ఐ కథ వేరు. కంటి చుట్టూ తెల్లని వలయం ఉన్న ఈ చిన్న ఆకుపచ్చ పిట్టను పురుగుల్ని అదుపు చేస్తుందని 1929లో జపాన్ నుంచి ఓహూ దీవికి తెచ్చి వదిలారు. తూర్పు కనుమల్లో కనిపించే వైట్ ఐ దీనికి దగ్గరి చుట్టం. పండు, తేనె, పురుగు, ఏది దొరికినా తింటుంది. ఊరి తోటలోనూ కొండ అడవిలోనూ గూడు కడుతుంది. మలేరియా ఉన్న ఆసియాలోనే పుట్టి పెరిగిన జాతి కనుక ఆ జబ్బుకు తట్టుకుంటుంది. నేడు హవాయిలో అత్యధికంగా కనిపించే పక్షుల్లో ఇదొకటి.

దీన్ని బలమున్నది బతికిందని సరిపెట్టడం అన్యాయం. దోమ, ఎలుక, పంది, చివరికి వైట్ ఐ కూడా మనుషులు తెచ్చినవే.

కవాయీలో అకికికి అనే మరో పిట్ట ఇప్పుడు ఓఓ దారిలోనే ఉంది. ఇలాంటి పిట్టలను కాపాడేందుకు, జతకట్టిన ఆడదోమలు పెట్టే గుడ్లు పిల్లలు కాకుండా చేసే వొల్బాకియా బాక్టీరియా ఉన్న మగదోమలను 2023 నుంచి హవాయి అడవుల్లో హెలికాప్టర్లతో వదులుతున్నారు. ఈ పనికి సూక్ష్మజీవశాస్త్రం, గణాంకశాస్త్రం, ఇంజనీరింగు అన్నీ కావాలి. ఏటా పట్టాలు అందుకుంటున్న వారిలో ఆ చదువులు చదివినవారు ఎందరో ఉన్నారు. ఇలాంటి పనికి వారు ముందుకు రావాలి.