అమ్మకం కూడా ఒక చదువే
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయము పంచాంగ శ్రవణములో ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని మనమందరము చెవులు రిక్కించి విన్నాము. రాశుల సంగతి సిద్ధాంతిగారు చెప్పినారు. అంగడిలో మాత్రము ఆదాయవ్యయాలు సరుకును అమ్ముకొనే నేర్పును బట్టి వస్తాయి. ఈ నేర్పునే నేడు మార్కెటింగు అంటున్నారు. పట్నం పోయి, లక్షలు పోసి చదివితేగాని అది పట్టుబడదని మన పిల్లలు అనుకొంటున్నారు. చదువగలిగినవారు చదువవలసినదే. చదువలేనివారు సైతము ఈ బోడినాయకనూరులో ఉండి, తమంతట తాము దానిని నేర్చుకొనవచ్చును. నేర్చినదానిని ఏటేటా పెంచుకొనవచ్చును. ఈ మాట చెప్పుటకే మేము నిలుచున్నాము.

నాయకరాజుల కాలమునుండి మన తెలుగువారు ఈ కొండల కింద కాపురము చేస్తున్నారు. మన ఊరికి సంపద ఏలకులవల్ల వచ్చినది. పండేది ఎక్కువగా పైన ఇడుక్కి కొండల్లో. ఎండి, సంచికెక్కి, వేలానికి వచ్చేది బోడికి. 2007లో కేకల వేలముపోయి కంప్యూటరు వేలము వచ్చినది. నమూనా పళ్లెము ముందు పెట్టుకొని, కాయను చేత నలిపి, వాసన చూచి, బొత్తాము నొక్కి ధర పాడుతున్నారు. కాయ ఎనిమిది మిల్లీమీటర్లో, ఏడో, ఆరో చూపుతోనే చెప్పగలవారు మన వీధుల్లో ఎందరో ఉన్నారు. గిడ్డంగులలో కాయలేరే మన ఆడవారి వేళ్లకు తెలిసినంత జల్లెడకు కూడా తెలియదు.

ఇంత తెలిసిన ఊరికి తెలియనిది ఒక్కటే. ఆ కాయను చివరకు నోట వేసుకొనేవాడెవడో తెలియదు. సంచి మన గడప దాటితే మనకూ దానికీ సంబంధము తీరిపోతుంది. దూరపు పట్టణములో ఎవరో పది గ్రాముల పొట్లము కట్టి, తమ పేరు అచ్చువేసి అమ్ముకొంటున్నారు. పొట్లము మీద మన ఊరి పేరు ఉండదు.

దీనివల్ల నష్టమేమి అంటారా? 2018 ఆగస్టు వరదలలో ఇడుక్కి తోటలు దెబ్బతిన్నవి. మరుసటి ఏడు ఆగస్టులో పుట్టడి వేలములో మేలురకము కిలో 7,000 రూపాయలు పలికినది. 2022 నాటికి సగటు ధర వెయ్యికి లోపు పడినది. కలిమిలేములు కావడికుండలన్నారు గదా! వేలము ధర ఒక్కటే నమ్ముకొన్నవాడు ఆ కావడితోబాటు ఊగవలసినదే. తన సరుకును అడిగి కొనే ఇళ్లు నూరు ఉన్నవాడికి ఆ ఊపు కొంత తగ్గుతుంది.

గ్వాటెమాలా దేశము సంగతి చూడండి. అక్కడివారి వంటలో ఏలకులకు చోటే లేదనవచ్చు. అయినా ప్రపంచములో అందరికన్న ఎక్కువ ఏలకులను ఎగుమతి చేసేది వారే. అరబ్బుల ఇళ్లలో అతిథికిచ్చే కాఫీలో ఏలకులు వేస్తారని గ్రహించి, ఆ గిన్నెను లక్ష్యముగా పెట్టుకొన్నారు. తాము తినని కాయనే తినేవాడి అక్కర తెలిసికొని అమ్మినారు. తిని, పెంచి, ఏరి, ఎండబెట్టే మనకు ఆ విద్య రాకపోవునా?

1960లో జెరోమ్ మెకార్తీ అనే అమెరికా ఆచార్యుడు తన పుస్తకములో అమ్మకానికి నాలుగు అంగములు చెప్పినాడు. మన మాటల్లో అవి సరుకు, ధర, చోటు, చాటింపు. ఈ నాలుగూ కంఠస్థము చేస్తే చాలదు. చేతిలో ఒక సరుకు పెట్టుకొని ఒక్కొక్కటే పరీక్షించాలి.

సరుకు అంటే కాయ మాత్రమే కాదు, కొనేవాడి అక్కర కూడా. టీకొట్టు ఆయన కాయను దంచి వేస్తాడు. ఆయనకు పరిమాణముతో పనిలేదు, వాసన కావాలి. స్వామికి ఏలకుల మాల కట్టేవారికి పెద్ద పచ్చని కాయ కావాలి. మిఠాయి అంగడికి గింజలు చాలును. కాయ ఒక్కటే, గిరాకీలు మూడు. ఇది తెలియక అందరికీ ఒకే రకము చూపేవాడు ముగ్గురిలో ఇద్దరిని పోగొట్టుకొంటాడు.

ధరను కాగితముపై లెక్క కట్టి నేర్చుకోవాలి. కిలో 2,500 రూపాయలకు కొన్నామనుకొందాము. పది గ్రాములకు 25 రూపాయలు. సంచికీ చీటీకీ 2, తరుగుకు 1, దారిఖర్చుకు 2, దుకాణదారుకు 6 వేస్తే మొత్తము 36. పొట్లము 40కి అమ్మితే మిగిలేది 4. పది పొట్లాలమ్మితే 40 రూపాయలు మిగలాలి. వానిలో ఒక్కటి అమ్ముడుపోక చెడిపోతే? తొమ్మిదింటిమీద 36 వస్తుంది. చెడినదానిమీద 30 పోతుంది. మనకు మిగిలేది 6. అమ్ముడుపోని ఒక్క పొట్లము తొమ్మిది పొట్లాల లాభాన్ని ఎట్లా తింటున్నదో చూచినారా? ఈ లెక్క వేయకుండా వ్యాపారములో దిగరాదు.

ఇక మొదలుపెట్టే తీరు చెప్పుతాము. అమ్మకముందు కొనండి. అయిదు దుకాణాలకు పోయి అయిదు పొట్లాలు కొని ఇంట పరచండి. గ్రాము ఎంతపడింది, కాయ ఎట్లున్నది, చీటిమీద ఏమి వ్రాసినారు, అంగడిలో ఏ ఎత్తున పెట్టినారు అని గుర్తు వేసుకోండి. ఆనాడు మీకు అయిదుగురు గురువులు దొరికినట్టే.

తరువాత కొద్ది సరుకుతో ఇరవై ఇళ్లకు పోండి. చుట్టాలకు మొగమాటముతో అంటగట్టవద్దు. మొగమాటముతో కొన్నవారు నిజము చెప్పరు. ఒక చిట్టా పుస్తకము పెట్టండి. అందులో అయిదు గళ్లు: ఎవరు కొన్నారు, ఎంత కొన్నారు, మొదట ఏమి అడిగినారు, కొననివారు ఎందుకు కొనలేదు, కొన్నవారు రెండవసారి అడిగినారా లేదా. వీటిలో చివరిది ప్రాణము వంటిది. మొదటిసారి మన మాటకు కొంటారు. రెండవసారి సరుకుకు కొంటారు. మెప్పుల లెక్క వేసుకొనక మళ్లీ వచ్చినవారి లెక్క వేసుకొనేవాడే పైకి వస్తాడు.

ఫిర్యాదును పాఠముగా తీసికొనండి. పది రోజులకే రంగు వెలిసిందని ఒక అమ్మగారు అన్నదనుకోండి. తగవుకు పోక కారణము వెదకండి. ఏలకికి వెలుతురు తగిలితే పచ్చదనము పోతుంది. అందుకే గిడ్డంగిలో నల్లని సంచిలో కడతారు. అంగడివాడు గాజుసీసాలో వెలుతురుకు పెట్టినాడేమో! వెలుతురు చొరని కవరు వేస్తే తగవే లేదు. అడగందే అమ్మయినా పెట్టదు. గిరాకీదారు కూడా అడగందే తన మనసులోని మాట చెప్పడు.

మార్పు చేసినప్పుడు ఒకేసారి ఒక్కటే చేయండి. చీటీ మార్చిన వారము ధర మార్చకండి. రెండూ మారిస్తే అమ్మకము పెరిగినది దేనివల్లనో బ్రహ్మకైనా తెలియదు.

ఈ విధముగా నేర్చుకొన్నవారు మనలో లేరా? 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడుగారు మనవారే. బడిచదువు ఎక్కువ లేదు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచి, పళని నడుమ తామే నడుపుతూ మొదలుపెట్టినారు. ఆ దారిని చూడండి. ఒక కొసన సంత ఊరు, మరొక కొసన మురుగన్ కొండ. బస్సు ఉన్నా లేకున్నా జనము పోయి తీరే దారి అది. జనమెటు నడుస్తున్నారో చూచి బండిని అటు నడపడమే మార్కెటింగునకు మొదటి పాఠమని మేము అంటాము.

నేర్చినది నిలువదు, పెంచుకొంటూ ఉండాలి. వారానికొక గంట చిట్టా ముందు కూర్చోండి. సుగంధద్రవ్యాల బోర్డు వేలం ధరలను ప్రకటిస్తున్నది. వాటిని మీ కొనుబడి ధరతో పోల్చండి. మూడు నెలలకొకసారి, మానివేసిన అయిదుగురిని వెదకి కారణమడగండి. అది చేదుగానే ఉంటుంది. నేటి పచ్చడిలో వేపపువ్వు తిన్న నోటికి అదొక లెక్కా? తాము నేర్చినదాన్ని ఇంకొకరికి చెప్పండి. చెప్పేటప్పుడే మన తెలివిలోని చిల్లు మనకు కనబడుతుంది.

చాటింపు విషయములో మితము మంచిది. నేడు చేతిఫోనులో బొమ్మ పంపితే క్షణములో వేయిమందికి చేరుతుంది. అబద్ధము కూడా అంత వేగముగానే చేరుతుంది. ఏడు మిల్లీమీటర్ల కాయ బొమ్మ చూపి ఆరు పంపితే, పోయేది ఆ ఒక్క గిరాకీ కాదు, ఊరి పేరు. ఆహారపు సరుకు కనుక ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నమోదు చేయించాలి, పొట్లముమీద తూకము, తేదీ, చిరునామా ఉండాలి. దీన్ని సర్కారు బాధ అనుకోక, కొనేవాడికి మనమిచ్చే మాట అనుకోండి.

మనకొక పెట్టుబడి ఉన్నది; బ్యాంకు ఇవ్వలేనిది. ఇంట తెలుగు, వీధిలో తమిళము, కొండమీద మలయాళము. మూడు భాషల్లో వినగలిగినవాడు మూడు రాష్ట్రాల వంటింటి గుట్టు వినగలడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. వ్యాపారములో చెవి మంచిదైతే నోటితో అంత పని ఉండదు. 2010 చివర ఆగిన మన రైలు 2023 జూన్‌లో తిరిగి వచ్చినది. చెన్నపట్నానికి బండి ఉన్నది. ఆ బండిలో మన పిల్లలు ఉద్యోగము వెదకుకొంటూ పోవడమే కాదు, మన పొట్లాలూ పోవాలి.

కాయలేరే కూలి మీద బ్రతికే అక్కలను ప్రత్యేకముగా కోరుతున్నాము. మీ చేతికి రకము తెలుసు. నలుగురు కలిసి కిలో సరుకుతో మొదలుపెట్టండి. లెక్కలు వ్రాయుటకు మన సంఘపు యువకులు వస్తారు. నెలకొకనాడు సాయంకాలము ఇక్కడనే కూర్చుని చిట్టాలు చూచుకొందాము. వచ్చే నెల మొదటి ఆదివారమునాడే ఆరంభిద్దాము. వచ్చేవారు ఒక నోటుపుస్తకము, తాము కొన్న అయిదు పొట్లాలు తెచ్చుకోవలసినదిగా మనవి.

అందరికీ ఈ సంవత్సరము ఆదాయము హెచ్చుగను, వ్యయము తక్కువగను ఉండుగాక!