అమ్మనూ ఆయమ్మనూ అడగండి

ఆటిజం ఉన్న బిడ్డను బడిలో చేర్చినంత మాత్రాన సరిపోదు. అక్కడి చదువు వాడికి అందుతోందో లేదో చూడాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 16వ సెక్షన్‌లో ప్రతి దివ్యాంగ బిడ్డ ప్రగతినీ గమనిస్తుండాలంది. ఐదేళ్లకోసారి బడిపిల్లల సర్వే చేసి, వాళ్లలో దివ్యాంగుల అవసరాలు ఎంతవరకు తీరుతున్నాయో తేల్చమంది 17వ సెక్షన్. ఇలాంటి పిల్లల కోసమే సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి.

గంట మోగగానే చెవులు మూసుకుని బెంచీ కిందికి దూరే పిల్లాణ్ణి తలచుకోండి. హాజరుపట్టీలో వాడు వచ్చినట్టే! ఇంట్లో మిక్సీ వేసినా అంతేనని అమ్మకు తెలుసు. అన్నానికి గుడ్డు తగిలితే పళ్లెం తోసేస్తాడని వడ్డించే ఆయమ్మకు తెలుసు. వీళ్లూ, క్లాసు టీచరూ, భవిత టీచరూ ఒకచోట కూర్చుంటే గదా అసలు సంగతి బయటపడేది! మన గూడూరులో తెల్లారే నిమ్మకాయల మార్కెట్టుకు పోయే తల్లి ఉంటే, ఆమెకు వీలైన వేళకే సమావేశం పెట్టాలి. అది బడి బాధ్యతేనని నా గట్టి నమ్మకం.

నీళ్లు కావాలని సైగ చేయడం లాంటి చిన్న గురి పెట్టుకుని, మూడు నెలలకు అందరూ మళ్లీ చూడండి. కుదరలేదంటే పద్ధతి మార్చండి, బిడ్డను తప్పుపట్టకండి. తోటి పిల్లల్నీ అడగండి. వాడు ఎవరి పక్కన కుదురుగా కూర్చుంటాడో వాళ్లే చెప్తారు.