పిల్లికి బుద్ధి చెప్పడం

మన సామెతలలో పిల్లికి మంచిపేరు లేదు. కళ్లు మూసుకొని పాలు తాగే దొంగ అని ఒక సామెత. ఎలుకకు ప్రాణసంకటమయితే దానికి చెలగాటమని మరొకటి. దాని శాపాలకు ఉట్లు తెగవని ఇంకొకటి. అయినప్పటికీ పిల్లి మన ఇండ్లను విడిచిపోలేదు. సుమారు పదివేల సంవత్సరాల క్రితం పశ్చిమాసియాలో మానవుడు వ్యవసాయం నేర్చి ధాన్యం నిలువచేసిన నాడు, గాదెల చుట్టూ చేరిన ఎలుకల కోసం అడవిపిల్లి ఊళ్లలోకి వచ్చినది. మనం దానిని పట్టి తెచ్చుకోలేదు. తనంత తానుగా వచ్చి చేరినది. కుక్క పూర్వులు గుంపుగా వేటాడే జంతువులు. పిల్లి పూర్వులు ఒంటరిగా తిరిగేవి. పెద్ద కసిరితే తలవంచి నిలబడే అలవాటు కుక్కకు ఉన్నట్లు పిల్లికి లేకపోవడానికి ఈ పుట్టుక కొంతవరకు కారణం. ఈ సంగతి గుర్తుంచుకొంటే, పిల్లికి బుద్ధి చెప్పడమనే విషయంలో సగం చిక్కులు వాటంతట అవే విడిపోతాయి.

తెనాలి రామకృష్ణుని పిల్లి కథ మీ అందరికీ తెలిసినదే. ఎలుకల బాధ తొలగడానికి రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లిని, దాని పాలకోసం ఒక ఆవును ఇప్పించారట. రామకృష్ణుడు మొదటిరోజుననే మరిగిన పాలు తెచ్చి పిల్లి ముందు పెట్టాడు. ఆత్రంగా మూతి పెట్టి కాల్చుకొన్న పిల్లి ఆనాటి నుండి పాలగిన్నెను చూస్తేనే పారిపోయేది. ఆవుపాలన్నీ కవిగారి కుటుంబానికే మిగిలినవి.

ఈ కథ విని మనం రామకృష్ణుని చాతుర్యానికి నవ్వుకొంటాము. ఒకసారి పిల్లి పక్షాన నిలబడి ఆలోచించండి. ఆ పిల్లి నేర్చినదేమిటి? పాలు తాగడం తప్పు అని నేర్వలేదు. యజమానికి పాలమీద ఆశ ఉన్నదని అంతకన్నా నేర్వలేదు. పాలంటే మంట అని మాత్రమే నేర్చినది. దండన పిల్లికి నేర్పే పాఠం ఎప్పుడూ ఇంతే. నొప్పి కలిగిన క్షణంలో కళ్లయెదుట ఏది ఉంటే దానిని చూచి భయపడడం నేర్చుకొంటుంది. మనం కొట్టినప్పుడు దాని కళ్లయెదుట ఉండేది మనమే.

ఈ మాటకు శాస్త్రప్రమాణం కూడా ఉన్నది. 1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త ఆకలిగా ఉన్న పిల్లులను పెట్టెలలో ఉంచి, ఆహారం వెలుపల పెట్టి పరీక్షలు చేశాడు. లోపలి తాటిముడి లాగినా, మీట నొక్కినా పెట్టె తలుపు తెరుచుకొంటుంది. మొదట పిల్లి అటూ ఇటూ గీకి, కొరికి, చివరకు యాదృచ్ఛికంగా తలుపు తెరిచేది. అదే పని మళ్లీ మళ్లీ చేయించగా అనవసరమైన చేష్టలు క్రమంగా తొలగిపోయి, పెట్టెలో పెట్టీ పెట్టగానే తాడు లాగడం నేర్చుకొన్నది. తృప్తినిచ్చిన పని నిలబడుతుందని, బాధ కలిగించిన పని సడలిపోతుందని ఆయన తొలుత సిద్ధాంతం చేశాడు. తరువాత 1930 దశకంలో, మనుష్యుల మీద చేసిన పరీక్షలవల్ల, ఆ రెండవ సగాన్ని తానే సవరించుకొన్నాడు. బహుమానం అలవాటును బలపరిచినంతగా శిక్ష దానిని బలహీనపరచదని తేల్చాడు. పిల్లలను పెంచే తల్లిదండ్రులకు కూడా పనికివచ్చే మాట ఇది.

ఇంకొక విషయం. ఫలితం వెంటనే కలిగితేనే పిల్లి దానిని తన పనితో ముడిపెట్టుకొంటుంది. ఉదయం అది పగలగొట్టిన పూలకుండీకి సాయంకాలం మనం ఆఫీసు నుండి వచ్చి కసిరితే, దానికి తెలిసేదల్లా మనం ఇంటికి రావడం ప్రమాదకరమని మాత్రమే. మలినం చేసిన చోటికి ఈడ్చుకొనిపోయి మూతి రుద్దడం కొందరి ఇండ్లలో ఆచారం. దానివల్ల పిల్లికి అవమానమూ తెలియదు, శుభ్రతా తెలియదు. మరింత చాటున చేయడం తెలుస్తుంది.

అయితే పిల్లి ఏమి చేసినా ఊరుకోవలెనా అని మీరు అడగవచ్చును. ఊరుకోనవసరం లేదు. మనం దండన అనుకొన్న శ్రమనంతా ఇంటిని సరిచేయడం మీద వెచ్చించవలె.

కుర్చీలను, పరుపులను గీకడం సంగతి చూడండి. అది దుండగం కాదు. గోళ్లమీది పాతపొర రాల్చుకోవడానికి, ఒళ్లు విరుచుకోవడానికి, పాదాలలోని గ్రంథుల వాసనతో తన చోటు గుర్తు పెట్టుకోవడానికి పిల్లి గీకుతుంది. కనుక గీకడం మాన్పించలేము. గీకే చోటు మార్చగలము. మూడడుగుల ఎత్తున కదలకుండా నిలిచే కర్రకు కొబ్బరితాడు బిగించి చుట్టి, అది గీకే కుర్చీ ప్రక్కనే నిలబెట్టండి. దానిని గీకినప్పుడల్లా చిన్న చేపముక్క పెట్టండి. కుర్చీ మీద కొన్నాళ్లపాటు నున్నని గుడ్డ కప్పండి. కర్ర అలవాటయిన తరువాత దానిని కొద్దికొద్దిగా మీకు కావలసిన చోటికి జరుపవచ్చును.

ఇక దొంగతనం. మూత లేని పాలగిన్నె వంటింటి గట్టు మీద పెట్టి, ఎక్కినందుకు పిల్లిని కొట్టడం న్యాయం కాదు. పది పర్యాయాలలో ఒక్కసారి పాలు దొరికినా, ఆ ఒక్క లాభం తొమ్మిది తిట్లను మరపిస్తుంది. మూత పెట్టండి; గట్టు తుడవండి. ఇంకా ముఖ్యమైనది, దానికి కడుపునిండా తగిన ఆహారం పెట్టండి. పిల్లి పుట్టుకతో మాంసాహారి. టారిన్ అనే పదార్థం ఆహారంలో లేకపోతే దాని చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. పెరుగన్నం మాత్రమే పెట్టి, అది పొరుగింటి చేపలకు పోయిందని నిందించడం తగదు. పెద్దపిల్లులు పెక్కింటికి పాలు కూడా సరిగా జీర్ణం కావు.

చేతులు కొరికే అలవాటు తరచుగా మనం నేర్పినదే. కూనగా ఉన్నప్పుడు వేళ్లు ఆడించి ముచ్చటపడతాము. పెరిగి పళ్లు దిగినప్పుడు కోపగిస్తాము. కొరికిన వెంటనే చేయి విదిలించక, ఆట ఆపి మౌనంగా లేచిపోండి. ఆట ముగియడమే దానికి చాలినంత శిక్ష. తరువాత కర్రకు కట్టిన గుడ్డపీలికతో ఆడించండి. ఆట అయిన పిదప ఆ పీలికను దాచండి, మింగితే ప్రమాదం. తెల్లవారుజామున అరిచి లేపే పిల్లికి లేచిన వెంటనే తిండి పెట్టితే, అరిచి సాధించడం నేర్పినవారమవుతాము. రాత్రి పడుకొనబోయే ముందు బాగా ఆడించి అప్పుడు పెట్టండి.

చివరకు శుభ్రత. ఇసుకతొట్టెను ప్రతిదినం శుభ్రం చేసి, తిండిగిన్నెకు దూరంగా, జనసంచారం లేని మూలన ఉంచవలె. గోడలమీద మూత్రం చిమ్మే మగపిల్లికి సంతాననిరోధక శస్త్రచికిత్స చేయిస్తే ఆ అలవాటు చాలావరకు తగ్గుతుంది. ఇంత చేసినా పిల్లి తొట్టె వెలుపల మలినం చేస్తే, అది తప్పా, రోగమా అని ముందుగా విచారించవలె. ఈ మాట నా అనుభవం మీద చెబుతున్నాను.

మా ఇంట్లో బూడిదరంగు పోతుపిల్లి ఒకటి ఉండేది. ఎన్నడూ తొట్టె తప్పని ఆ పిల్లి ఒకనాడు నా పడకమీద మూత్రం చేసింది. నాలుగు చుక్కలే. నేను చేతికందిన విసనకర్రతో రెండు దెబ్బలు వేశాను. సాయంకాలం ఉతికిన బట్టలమీద మళ్లీ అదే పని. "గోనెసంచిలో వేసి కాలవ అవతల వదిలిపెట్టించరా" అన్నది మా అమ్మ. నేను సంచి వెదుకుతూండగా మా చిన్నమ్మాయి వచ్చి, "నాన్నగారూ, అది తొట్టెలో కూర్చుని ఏడుస్తున్నది. ఏమీ రావడం లేదు" అన్నది. అప్పుడు వెళ్లి చూశాను. మాటిమాటికీ కూర్చుని ముక్కుతున్నది. ఒక్క చుక్క రావడం లేదు. పశువైద్యుని వద్దకు తీసుకొనిపోతే, మూత్రమార్గం మూసుకొనిపోయిందని చెప్పి, మత్తిచ్చి సన్నని గొట్టంతో అడ్డు తొలగించాడు. "ఇంకొక్కరోజు ఆలస్యమయితే బ్రతికేది కాదు" అన్నాడు.

మగపిల్లులకు ఈ బాధ రావడం అరుదు కాదు. ఒకటి రెండు రోజులలో ప్రాణం తీయగలదు. నేను కొట్టినది దొంగను కాదు, రోగిని. పిల్లి బ్రతికినది గాని, తరువాత చాలారోజుల వరకు నేను గదిలోకి వస్తే బల్లక్రిందకు పోయేది. రామకృష్ణుని పిల్లికి పాలగిన్నె ఎట్లాగో, మా పిల్లికి నేను అట్లా అయినాను.

గోనెసంచి మాట వచ్చినది గనుక ఇంకొకటి మనవి చేస్తాను. పెంచిన జంతువును ఆకలిదప్పులతో బాధపడేట్లుగా నిష్కారణంగా విడిచిపెట్టడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. చట్టం మాట అట్లా ఉంచినా, ఇంట్లో పిల్లలు చూస్తూనే ఉంటారు. ఇబ్బంది కలిగించిన ప్రాణిని ఏమి చేయవలెనో వారు మననుండియే నేర్చుకొంటారు.

పోయిన నమ్మకాన్ని తిరిగి తెచ్చుకోవడానికి నేను చేసినది స్వల్పమే. దాని వెంటపడలేదు. దూరంగా నేలమీద కూర్చునేవాడిని. పిల్లికి తేరిపార చూడడం బెదిరింపు. అందువల్ల కళ్లు మెల్లగా సగం మూసి తెరిచేవాడిని. ఇట్లా చేసేవారివైపు పిల్లులు ఎక్కువగా వస్తాయని 2020లో ఇంగ్లండు పరిశోధకులు ప్రకటించారు. నెలరోజుల తరువాత ఒక రాత్రి అది తానుగా వచ్చి నా మోకాలి ప్రక్కన పడుకొన్నది.

గదిలో పెట్టి కొడితే పిల్లి అయినా తిరగబడుతుందని పెద్దలన్నారు. తిరగబడని పిల్లి దూరమవుతుంది. అందువల్ల మీ పిల్లి ఏదైనా తప్పు చేసినప్పుడు చేయి ఎత్తే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: దానికి ఆకలిగా ఉన్నదా? ఒంట్లో బాగున్నదా? ఆ పని చేసుకోవడానికి మనం దానికి వేరే చోటు చూపించామా? ఈ మూడింటికీ సమాధానం దొరికేలోపల చేయి తనంత తానే దిగిపోతుంది.