పెరటి తోటకు పత్తి మందు వద్దు

(కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతముల రైతులనుద్దేశించి చేసిన ప్రసంగపాఠము)



పాత కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో పత్తి వేయని పల్లెలు తక్కువ. పత్తి వేసిన ఇంట మందు డబ్బా, చేతిపంపు ఉండుట సహజము. నేడు నేను పత్తి చేనును గురించి కాక, మీ ఇంటి వెనుకనున్న పెరటిని గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను.

ఒక పల్లెలో పొలము చూచి వచ్చుచు ఒకరి ఇంట మంచినీళ్లు త్రాగుటకు ఆగితిని. పెరటిలో బెండ చక్కగా కాచి ఉన్నది. ఆకుల మీద మందు వాసన కొట్టుచున్నది. అడిగితే ఆ ఇంటి ఇల్లాలు, "సారూ, పత్తికి తెచ్చిన డబ్బల జర మిగిలింది. పారబోసుడెందుకని బెండలకు గొట్టినం" అన్నది. ఆనాటి సాయంత్రము పిల్లలకు వండబోవు కూర ఆ బెండకాయలే. ఆమెకు తెలియక చేసిన పని అది. అట్టి పని మన ఇండ్లలో ఎన్నింట జరుగుచున్నదో మీరే ఆలోచింపుడు.

ఇట్లు ఎందుకు జరుగుచున్నది? బెండ, పుంటికూర రెండును పత్తి కుటుంబమునకు చెందిన మొక్కలే. పత్తికి పట్టు పచ్చదోమ, తెల్లదోమ, మచ్చల కాయతొలుచు పురుగు బెండకు కూడ పట్టును. చేనులో చూచిన పురుగే పెరటిలో కనబడగానే చేయి ఆ డబ్బా మీదికే పోవును. కాని పత్తికాయను మనము కూర వండుకొనము, బెండకాయను వండుకొందుము. బెండను రెండు మూడు దినముల కొకసారి కోయవలెను, లేకున్న ముదిరిపోవును. పత్తి మందులలో పెక్కింటికి, కొట్టిన తరువాత కోతకు ఆగవలసిన గడువు అంతకంటె చాల ఎక్కువ. మోనోక్రోటోఫాస్ వంటి మందు మొక్క రసములోనికే పోవును. కాయను ఎంత కడిగినను అది పోదు. అందువలననే కూరగాయలపై దాని వాడకమును కేంద్ర ప్రభుత్వము 2005లోనే నిషేధించినది.

విషము ఎంతటిదో మనకు దూరపు మాట కాదు. 2017లో ఆదిలాబాదునకు పెన్‌గంగ ఆవలనున్న యవత్మాల్ జిల్లాలో పత్తికి మందులు కొట్టుచు విషము సోకి సుమారు 20 మంది రైతులు, కూలీలు మరణించిరి. వందల మంది ఆసుపత్రుల పాలైరి.

అయితే మందు లేక పెరటి తోట పండునా అని మీరు అడుగవచ్చును. తప్పక పండును. అయిదెకరముల చేనులో ప్రతి ఆకును తిరగవేసి చూచుట కష్టము. పెరడు ఎంత పెద్దదైనను గుంట, అనగా 121 చదరపు గజములు. దానిని దినమునకు ఒక పావుగంటలో చూడవచ్చును. చూచు కన్ను, ఏరు చేయి - పెరటికి ఇవే మొదటి మందులు.

మృగశిర కార్తెలో వానలు పడగానే బెండ, గోరుచిక్కుడు, ఆకుకూరలు వేసి, దడికి బీర, సొర, చిక్కుడు ప్రాకించుడు. ఆదిలాబాదు నల్లరేగడిలో నీరు నిలుచును గనుక ఎత్తుమడులు కట్టవలెను. కరీంనగర్ చెల్కలలో బాగుగా మాగిన పశువుల పెంట వేయవలెను. మాగని పెంట వేసినచో చెదలు చేరును. పెరటి చుట్టు రెండు మూడు వరుసలు మక్క లేక జొన్న దగ్గర దగ్గరగా వేసినచో చేనునుండి ఎగిరి వచ్చు దోమ కొంత ఆగును.

బతుకమ్మకని ప్రతి ఇంట బంతి వేయుదురు గదా! ఆ బంతిని టమాట మడి చుట్టు కూడ నాటుడు. టమాటకంటె బంతి నారు పదిహేను దినములు ముదురుగా ఉండవలెను. కాయతొలుచు పురుగు తల్లి బంతి మొగ్గలపై ఎక్కువగా గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు, పురుగులు ఉన్న మొగ్గలను త్రుంచి నాశనము చేయవలెను. త్రుంచకున్న మనమే పురుగును పెంచినట్లగును.

వంగలో లేత కొనలు వాడి వ్రేలాడినచో లోపల పురుగున్నదని గుర్తు. ఆ కొనను క్రిందికి త్రుంచి, పుచ్చుకాయలతో పాటు కాల్చివేయవలెను. బీర, కాకరలలో పండుఈగ కుట్టిన కాయలను మూరెడు గుంత తీసి పూడ్చుడు. దిబ్బపై పారవేసినచో ఈగలు మరల వచ్చును. పేనుబంక మీద, ఎర్ర పెంకు పురుగు తిను లేత తీగల మీద, తెల్లవారుజామున మంచుతడి ఉండగా జల్లించిన పొయ్యి బూడిద చల్లవలెను. బెండలో ఆకు ఈనెలు పసుపుబారినచో అది తెల్లదోమ తెచ్చు పల్లాకు తెగులు. దానికి మందు లేదు. మొక్కను పీకివేయుటయే మార్గము. అక్షింతల పురుగును మాత్రము చంపవద్దు. అది పేనుబంకను తిని మనకు మేలు చేయును.

ఇన్ని చేసినను పురుగు మించినచో వేప కషాయము కలదు. రోహిణి, మృగశిర కార్తెలలో రాలిన వేపపండ్లను ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడన ఆరబెట్టి సంచిలో దాచుకొనవలెను. లీటరు నీటికి 50 గ్రాముల పప్పు లెక్కన దంచి, పలుచని బట్టలో మూటకట్టి రాత్రియంతా నానవేయుడు. మరునాడు మూటను పలుమారు పిండి, వడగట్టి, లీటరుకు ఒక గ్రాము సబ్బుపొడి కలిపి సాయంకాలము చల్లవలెను. ఎండకు దాని బలము తగ్గును. ఆకు అడుగు భాగము తడియవలెను. ఇది పురుగును వెంటనే చంపదు. తిండి మాన్పించును, ఎదుగుదలను ఆపును. కనుక పురుగు చిన్నగా ఉన్నప్పుడే చల్లి, వారము పది దినములకు మరల చల్లవలెను. పత్తికి వాడిన పంపును దీనికి వాడవద్దు. చిన్న చేతిపంపును వేరుగా ఉంచుకొనుడు.

జనగామ ప్రాంతమున ఏనెబావి గ్రామము తన పొలములలో రసాయనములు వాడనని 2006లోనే ప్రకటించుకొన్నది. ఒక ఊరు తన చేలన్నింటికి చేయగలిగిన పనిని మన ఇంటి వెనుక గుంటెడు నేలకు మనము చేయలేమా?

పత్తిని గురించిన లెక్కలు వేరు. అవి మరొకనాడు మాట్లాడుకొందము. కాని మిగిలిన మందు ఎంత ఖరీదైనదైనను పెరటిలోనికి తేవద్దు. డబ్బాను పిల్లలకందని చోట తాళము వేసి ఉంచుడు. సాయంకాలము పిల్లవాడు దడి నుండి త్రుంచిన బీరకాయను మీరు నిశ్చింతగా వండి పెట్టగలిగిననాడే ఆ తోట మీ ఇంటి తోట అగును.