మన లెక్క రాసేవాళ్ళను లెక్క అడిగేదెవరు?

(ప్రసంగ పాఠం)



మన పేటలో అంబేడ్కర్ జయంతి చేసుకున్నా, భూమి కోసం ధర్నాకు కూర్చున్నా, వెనకాల మఫ్టీలో ఒకాయన నిలబడి ఉంటాడు. ఎవరొచ్చారు, ఎవరు మాట్లాడారు, అంతా రాసుకుపోతాడు. మేం పంతుళ్ళం కాబట్టి మా పేర్లు ముందు రాస్తాడు. ఆ కాగితం ఎక్కడికి పోద్ది? తప్పు రాస్తే ఎవర్ని అడగాల?

ఢిల్లీలోని ఇంటెలిజెన్స్ బ్యూరో 1887లో పుట్టింది. తెల్లోడు పోయాడు, అది మిగిలింది. విదేశాల సంగతులకని 1968లో 'రా' పెట్టారు. రెంటినీ పుట్టించింది సర్కారు ఉత్తర్వులే, పార్లమెంటు చట్టం కాదు. బాబాసాహెబ్ అధ్యక్షతన ముసాయిదా తయారైన రాజ్యాంగం తీసి ఏడో షెడ్యూలు, కేంద్ర జాబితా, ఎనిమిదో అంశం చూడండి. నిఘా బ్యూరో మీద చట్టం చేసే అధికారం పార్లమెంటుకుంది. అయినా దాని పనికి హద్దులు గీసి, పార్లమెంటుకు లెక్క చెప్పించే చట్టం ఇప్పటికీ రాలేదు. 2011లో మనీశ్ తివారీ అనే ఎంపీ సొంతంగా బిల్లు పెట్టాడు. అది చట్టం కాలేదు.

నాయకులకు నొప్పి తెలీకనా? 1988లో ఫోన్లు విన్న గొడవలో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశాడు. 1991 మార్చిలో రాజీవ్ గాంధీ ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా కానిస్టేబుళ్ళు నిఘా వేశారన్న గొడవతో చంద్రశేఖర్ ప్రభుత్వమే పోయింది. కుర్చీలు కూలినై గానీ చట్టం పుట్టలా.

కిటుకు ఇక్కడుంది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు నిఘా అంటే వాళ్ళకు భయం. గద్దెనెక్కితే ఆ చెవి వాళ్ళదే. రేపు తన చేతికొచ్చే కత్తిని ఇవాళ తనే మొద్దు చేసుకుంటాడా?

2021 జులైలో పెగాసస్ గొడవ లేచింది. విచారిద్దామని పార్లమెంటు స్థాయీ సంఘం కూర్చుంటే, అధికారపక్ష సభ్యులు గదిలోకి వచ్చి కూడా హాజరుపట్టీలో సంతకం పెట్టలేదు. కోరం లేదన్నారు. పిలిచిన అధికారులు రానే లేదు. మా బడిలో పిల్లలు ఇట్లా చేస్తే ఊరుకుంటామా?

మన దగ్గరా అంతే. మావోయిస్టుల మీద నిఘాకని పెట్టిన విభాగం ప్రతిపక్షాల ఫోన్లు విన్నదని 2024 మార్చిలో హైదరాబాదులో కేసు పెట్టారు. నిజం కోర్టు తేల్చాల. 1996లో సుప్రీంకోర్టు ఫోన్లు వినడానికి కొన్ని షరతులు పెట్టింది. కానీ ఆ ఉత్తర్వుల్ని సమీక్షించే కమిటీలో అందరూ అధికారులే. జడ్జి లేడు, ఎమ్మెల్యే లేడు. ఉత్తర్వు ఇచ్చేదీ వాళ్ళే, బాగుందనేదీ వాళ్ళే.

చట్టసభ గట్టిగా నిలబడితే సాగదా అంటే, సాగుద్ది. అమెరికాలో నల్లజాతి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ ఫోన్లు ఎఫ్‌బీఐ విన్న సంగతిని 1975లో మొదలైన సెనెట్ విచారణ సంఘం బయటికి లాగింది. 1976లో శాశ్వత సంఘమే పెట్టారు. నిఘా అక్కడ ఆగిపోలేదు, కానీ అడిగేవాడు ఒకడు పుట్టాడు.

పెద్దోళ్ళ ఫోను వింటే పేపర్లో పడుద్ది. మన సంగతి? 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళను ఎనిమిదిమందిని నరికి చంపారు. అంతకుముందు వారాల తరబడి సాంఘిక బహిష్కరణ నడిచింది. ఊళ్ళో పోలీసులున్నారు. మన మీటింగుకు ఎంతమంది వచ్చారో తెలిసిన రాజ్యానికి, మన మీదికి ఎంతమంది వస్తున్నారో తెలవదా?

అందుకని రెండు పనులు చేద్దాం. ఓటుకొచ్చే ప్రతి అభ్యర్థినీ అడుగుదాం: గెలిచినాక నిఘాకు చట్టం కావాలని సభలో లేస్తావా, లేవవా? రెండోది, సమాచార హక్కు చట్టం 24వ సెక్షన్ నిఘా సంస్థలకు మినహాయింపు ఇచ్చినా, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు ఆ మినహాయింపు లేదు. హక్కుల సంగతైతే కమిషన్ ఆమోదం కావాల. అర్జీ పెడదాం, రసీదు దాచుకుందాం.

వాళ్ళు మన పేర్లు రాసుకుంటున్నారు. మనం మన ప్రశ్నలు రాసి పెడదాం.

జై భీమ్!