కణం లోపల కాపురం: స్క్రబ్ టైఫస్ సూక్ష్మజీవి

శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పేరు వినగానే ఫోలిక్ ఆసిడ్, మెథోట్రెక్సేట్ గుర్తుకొస్తాయి. ఆయన పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న లెడర్లీ ప్రయోగశాలలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. 1948లో లోకానికి తెలిసిన ఆ మందు టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. అదే కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్ ఇవాళ తెలుగు జిల్లాల్లో స్క్రబ్ టైఫస్ జ్వరం సోకిన రోగుల ప్రాణాలు నిలబెడుతోంది. భీమవరంలో పుట్టిన ఆ మహనీయుని స్మరించుకునే వేళ, ఆ మందు ఏ శత్రువు మీద, ఎక్కడ పనిచేస్తుందో చెప్పుకోవడం సముచితం.

ఆ శత్రువు పేరు ఓరియెన్షియా సుత్సుగాముషి. పొదల్లో, గడ్డిలో, పొలం గట్ల మీద ఉండే చిగ్గర్ అనే పురుగుపిల్ల దాన్ని మోస్తుంది. ఈ పిల్ల కంటికి ఆనీ ఆననంత చిన్నది. కుట్టేది పిల్ల దశలోనే, అదీ ఒక్కసారే. పెద్దదయ్యాక మనిషి జోలికే రాదు. మరి కుట్టకముందే దాని ఒంట్లోకి సూక్ష్మజీవి ఎలా చేరింది? తల్లి పురుగు గుడ్డు ద్వారానే పిల్లకు అందించింది.

చర్మంలోకి దిగిన ఓరియెన్షియా, కణాల పైన ఉండే ఫైబ్రోనెక్టిన్‌ను తన ప్రోటీన్‌తో పట్టుకుంటుంది. ఆ పట్టుతో సంకేతం అందుకున్న కణం తన ఆక్టిన్ తంతువులను సర్దుకుని, తానే దాన్ని లోపలికి తీసుకుంటుంది. లోపలికి వచ్చినదాన్ని ఒక పొర సంచిలో బంధిస్తుంది. ఆ సంచి లైసోజోమ్‌తో కలిస్తే లోపలున్నది జీర్ణమైపోవాలి. క్షయ సూక్ష్మజీవి ఆ కలయికను అడ్డుకుని సంచిలోనే తిష్ఠ వేస్తుంది. టైఫాయిడ్ కలిగించే సాల్మొనెల్లా తన ప్రోటీన్లను కణంలోకి ఎక్కించి, సంచిని తనకు అనువుగా మార్చుకుంటుంది. ఓరియెన్షియా దారి వేరు. కొద్ది గంటల్లోనే సంచిని ఛేదించుకుని కణద్రవంలోకి వచ్చేస్తుంది.

అక్కడి నుంచి దాని ప్రయాణం ఆశ్చర్యం గొలుపుతుంది. కణంలో సరుకులు మోసే డైనీన్ అనే ప్రోటీన్‌ను ఆసరా చేసుకుని, సూక్ష్మనాళికల వెంట కేంద్రకం దాకా వెళ్తుంది. అక్కడ గుంపుగా పెరుగుతుంది. తొందరేమీ లేదు. అనుకూల పరిస్థితుల్లో ఈ.కోలి అనే బాక్టీరియా ఇరవై నిమిషాల్లో రెండింతలైతే, దీనికి చాలా గంటలు పడుతుంది. పెరిగాక కణం అంచుకు చేరి, ఆ కణపు పొరనే ఒంటికి చుట్టుకుని బయటపడుతుంది. వైరస్‌లు చేసే ఈ పని బాక్టీరియాలలో చాలా అరుదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రక్తనాళాల లోపలి పొర కణాల్లో మకాం వేసిన ఈ జీవి మామూలు బ్లడ్ కల్చర్‌లో పెరగదు. దానికి బతికున్న కణమే కావాలి. పెన్సిలిన్, సెఫ్‌ట్రయాక్సోన్ వంటి మందులు బాక్టీరియా గోడ మీద దెబ్బతీస్తాయి. ఓరియెన్షియాకు ఆ గోడ నామమాత్రం. పైగా ఆ మందులు కణాల్లోకి సరిగా చొరబడవు. డాక్సీసైక్లిన్ కొవ్వుపొరలను దాటి లోపలికి వెళ్లి, సూక్ష్మజీవి రైబోజోమ్‌కు అతుక్కుని ప్రోటీన్ల తయారీని ఆపేస్తుంది. సకాలంలో ఇస్తే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. తీవ్రమైన కేసుల్లో డాక్సీసైక్లిన్‌కు అజిత్రోమైసిన్ జోడిస్తే మేలని 2023లో భారతీయ ఆసుపత్రుల అధ్యయనం తేల్చింది.

మందు చవక, వ్యాధి నయమయ్యేది. ఇంకా మరణాలు సంభవిస్తున్నాయంటే లోపం గుర్తించడంలోనే ఉంది. చిగ్గర్ కుట్టిన చోట నల్లగా పెచ్చుకట్టిన చిన్న పుండు ఏర్పడుతుంది. నొప్పి, దురద ఉండవు గనుక రోగి చెప్పడు. చంకలు, గజ్జలు, నడుము, రొమ్ముల కింద, చెవి వెనక వెతికితేనే కనిపిస్తుంది. కొందరిలో అసలు ఉండదు కూడా. వానాకాలంలో, చలికాలం మొదట్లో అయిదు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే, మలేరియా, డెంగీలతో పాటు స్క్రబ్ టైఫస్ ఐజీఎమ్ ఎలీసా పరీక్ష కూడా చేయమని వైద్యుణ్ని అడగండి. పొలానికి, గడ్డి కోతకు వెళ్లొచ్చిన సంగతి తప్పక చెప్పండి.