ఈసుకుపోయే రోగం – పురుగు వ్రాతను చదివే పని
(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము హైదరాబాదులో ఏమి పని చేస్తామో చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. ఇది మా ఇంట్లో వారికే ఇంకా సరిగా అర్థం కాలేదు. పిహెచ్.డి. పట్టా చేతికి వచ్చిన రోజున మా అమ్మ, "డాక్టరువైతివి గదా, ఇగ మన బర్రెకు సూది నువ్వే వేస్తవా?" అన్నది. సూది వేయడం మాకు రాదు. పిహెచ్.డి. ముగిసిన తరువాత ఇంకొకరి ప్రయోగశాలలో రెండు మూడేళ్ళ గడువు మీద చేసే పనిని పోస్ట్ డాక్టరల్ పరిశోధన అంటారు. సేద్యం వచ్చును గాని సొంత చేను లేదు. కౌలుకు దున్నుతున్నాము అనుకోండి.

మాది దేవరకొండ వైపు పల్లె. మేము బడికి పోయే రోజుల్లో మా ఇంటి బర్రె ఎనిమిదో నెలలో ఈసుకుపోయింది. మా నాయన ఉత్త చేతులతో మాయ లాగి దిబ్బ మీద వేశాడు. కుక్కలు దాన్ని వీధి పొడుగునా ఈడ్చాయి. నెల గడిచాక ఆ బర్రెను సంతకు తోలి, ఈసుకుపోయిన సంగతి చెప్పకుండా అమ్మాము. ఆ ఎండాకాలమే నాయనకు జ్వరం పట్టింది. సాయంత్రం వచ్చేది, రాత్రి చెమటలు పోసి తగ్గేది. నడుము నొప్పి, కీళ్ళ నొప్పులు. ఒకసారి మలేరియా అన్నారు, ఒకసారి టైఫాయిడ్ అన్నారు. అది బర్రె నుండి వచ్చిన జ్వరమేనని ఇప్పుడు రుజువు చేయలేము, ఆనాడు ఎవరూ పరీక్షించలేదు. బర్రెను కొన్నది ఏ ఊరి వారో కూడా మాకు తెలియదు. ఆ సంగతి ఇప్పటికీ మనసులో ముల్లులాగా ఉన్నది.

ఈ రోగానికి మూలం బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి. 1887లో మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు చనిపోయిన సైనికుల ప్లీహం నుండి దీనిని వేరుచేశాడు. ఎక్కడి నుండి వస్తున్నదో మాత్రం తెలియలేదు. 1905లో ఆ దీవి వైద్యుడే అయిన థెమిస్టోక్లిస్ జమ్మిట్ మేకల రక్తంలో దీని జాడ కనుగొన్నాడు. ఆ మేకలు చూపుకు ఆరోగ్యంగానే ఉండేవి. 1906లో సైనికులకు మేకపాలు మాన్పించగానే జ్వరం తగ్గిపోయింది. మన పక్కన గుమ్మపాలు తాగితే బలమని నమ్మేవారు ఇంకా ఉన్నారు గనుక ఈ ముక్క చెప్పవలసి వచ్చింది. కాచిన పాలతో భయం లేదు. డెయిరీలో 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు పాశ్చరైజ్ చేస్తే ఇది చస్తుంది. మనకు ఎక్కువ ప్రమాదం గిన్నెలో కాదు, కొట్టంలో, ఈనిన పశువు దగ్గర ఉన్నది.

ఇక మా పని. ప్రతి జీవిలోనూ డి.ఎన్.ఎ. అనే వ్రాత ఉంటుంది. అందులో నాలుగే అక్షరాలు: ఎ, సి, జి, టి. ఆవులను, బర్రెలను పట్టే బ్రూసెల్లా అబార్టస్‌లో ఇటువంటి అక్షరాలు సుమారు 33 లక్షలు, రెండు క్రోమోజోములలో ఉంటాయి. పుటకు రెండు వేల అక్షరాల చొప్పున అచ్చు వేస్తే 1650 పుటల గ్రంథం అవుతుంది. చిక్కేమిటంటే, మేము ఎక్కువగా వాడే యంత్రం ఈ గ్రంథాన్ని మొదటి నుండి చివరి దాకా చదవలేదు; 150 అక్షరాల తునకలుగా చదువుతుంది. మన సంఘం పాల లెక్కల పుస్తకానికి యాభై నకళ్ళు తీసి, అన్నిటినీ చించి ఒకే గోతాంలో కలిపారనుకోండి. ఒక తునక చివర, మరొక తునక మొదలు ఒకటే మాటలుంటే వాటిని జోడించుకుంటూ పోయి పుస్తకం తిరిగి కట్టాలి. అటువంటి తునకలు 11 లక్షలు. మనిషి చేతితో అయ్యే పని కాదు, కంప్యూటరు చేస్తుంది. దానికి ఆ పని చెప్పే విద్యను బయోఇన్ఫర్మాటిక్స్ అంటారు. మా పగలు చాలా వరకు ఆ తెర ముందే గడుస్తుంది. కంప్యూటరు తప్పుగా కూడా అతుకుతుంది, అప్పుడు మళ్ళీ మొదటికి.

పురుగును పెంచేటప్పుడు మాత్రం ప్రత్యేక గదిలో, ముఖానికి తొడుగుతో పని చేయాలి. ప్రయోగశాల పనివారికి అంటుకునే రోగాలలో ఇది ముందు వరుసలోది.

ఇంత శ్రమ దేనికంటే, ఒక ఉదాహరణ. ఈ పురుగు చూడి పశువు గర్భాన్నే ఎందుకు వెతుక్కుంటుంది? ఆ పశువు మాయలో ఎరిత్రిటాల్ అనే ఒక విధమైన చక్కెర ఉంటుంది. పురుగుకు అది మహా ఇష్టం. 1923లో అమెరికాలో బక్ అనే పశువైద్యుడు ఒక జెర్సీ ఆవు పాల నుండి ఈ పురుగును తీశాడు. ఆ సీసా ఏడాదికి పైగా బయట ఉండిపోగా పురుగు బలం తగ్గింది. అదే నేటి ఎస్-19 టీకా. తరువాత దాని వ్రాత చదివితే, ఆ చక్కెరను అరిగించుకునే చోట సుమారు 700 అక్షరాలు ఎగిరిపోయి ఉన్నాయి. 33 లక్షలలో 700! 2008లో ఎస్-19 వ్రాత మొత్తాన్ని ప్రకటించారు.

పశువు మీద ఒక పాత నింద కూడా ఈ చదువుతోనే తొలగింది. మనిషి క్షయ పశువు నుండే పుట్టిందని చాలాకాలం అనుకున్నారు. మనిషి క్షయ పురుగు వ్రాత 1998లో, పశువుల క్షయ పురుగు వ్రాత 2003లో వెలువడ్డాయి. పశువు పురుగులో కొన్ని ముక్కలు లేవు, మనిషి పురుగులో అవి పదిలంగా ఉన్నాయి. పోయిన ముక్క తిరిగి మొలవదు గనుక, మనిషిది పశువు నుండి రాలేదని తేలింది. ఆ మాటకు పశువు క్షయ మనిషికి అంటదని కాదు సుమా. పచ్చిపాలు అక్కడా ప్రమాదమే.

మన జిల్లాల సంగతికి వస్తాము. మహబూబ్‌నగర్ గొర్రెల మందలు మేతకు ఊళ్ళు దాటి పోతాయి. కోత అయిన చేలలో ఎరువు కోసం మంద పెట్టించుకుంటాము. ఆ మందలో గొర్రె ఈసుకుపోయి, అదే చేలో మన బర్రె మేస్తే, రోగం గొర్రెదా, సంత నుండి వచ్చినదా అని రైతులు పోట్లాడుకుంటారు. గొర్రెలు, మేకల పురుగు సాధారణంగా మెలిటెన్సిస్ రకం. ఆవులు, బర్రెలది అబార్టస్. రెండిటి వ్రాత చాలా వరకు ఒకటే, కాని తేడా చదవవచ్చు. రెండు కొట్టాలలో దొరికిన పురుగుల మధ్య నాలుగైదు అక్షరాలే తేడా ఉంటే, ఆ రెండూ దగ్గరి చుట్టాలు. అంతవరకే మా గ్రంథం చెప్పగలదు. ఏ సంతలో చేతులు మారిందో, ఎవరి చేలో మంద ఆగిందో చెప్పవలసింది మీరే. నమూనా కోసం డాక్టరు వచ్చినప్పుడు చాలామంది "పశువు ఇంట్లో పుట్టిందే" అంటారు. మా నాయన కూడా అట్లాగే అనేవాడు. తప్పు పట్టము, పాలు తీసుకోరేమోనని భయం.

కాని ఈసుకుపోయిన పశువును చెప్పకుండా అమ్మకండి. మాయను, పిండాన్ని చేతికి తొడుగు వేసుకొని ఎత్తి, సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి, కుంటలో పారవేయకండి. పెయ్యదూడలకు 4 నుండి 8 నెలల మధ్య ఒక్కసారే టీకా. 2019లో జాతీయ కార్యక్రమం మొదలైనది. చూడి పశువుకు, కోడెదూడకు ఇది వేయరు. ఇంట్లో ఎవరికైనా విడవని జ్వరం ఉంటే, "మా ఇంట్లో బర్రె ఈసుకుపోయింది" అని డాక్టరుకు మీరే చెప్పండి, ఆయన అడగకపోవచ్చు. మందులున్నాయి, కాని ఆరు వారాలు విడవకుండా వాడాలి.

ఈ ఉదయం సంఘానికి వచ్చిన ఆవుపాల క్యాను నుండి కొన్ని పాలు తీసి, నీలిరంగు మందు చుక్క వేసి రింగు పరీక్షకు పెట్టాము. మీగడ నీలమైతే అనుమానం. జున్నుపాలు, పొదుగువాపు పాలు కలిసినా అట్లాగే కావచ్చు గనుక రక్త పరీక్ష తరువాత గాని ఎవరి పేరూ చెప్పము. వెచ్చని నీళ్ళలో పెట్టి గంట దాటింది. రండి, గొట్టం తీసి చూద్దాము.